పైసల కోసం పాటలో మాట మార్చడం తప్పా?

"డబ్బు కోసం రాస్తే పాటల రచయిత కళను అమ్ముకున్నట్టేనా?" అని అడిగారు. నేను హనుమకొండలో ఉంటూ పదేళ్లుగా యూట్యూబ్ చానళ్లకు జానపద పాటలు రాస్తున్నాను. పైసలు తీసుకోవడంలో తప్పే లేదు. పైసలిచ్చేటాయన ఏ మాట తీసెయ్యమన్నాడు, నువ్వు తీశావా లేదా అన్నదే లెక్క.

2019 వానకాలం. మా అమ్మ, ఆమెతో కైకిలి పోయే ఆడవాళ్లు నాట్లప్పుడు పాడుకునే "నాటేసి నాటేసి నడుమిరిగె నాయినా" అనే పల్లవి తీసుకుని మూడు చరణాలు రాశాను. స్టూడియోలో ప్రొడ్యూసర్ నా కాగితం మీద 'ఇరిగె'ను పెన్నుతో కొట్టేశాడు. "తమ్మీ, నడుమిరిగితే డీజే ముందట ఎవడెగురుతడు? ఊగాలె" అన్నాడు. ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. చెల్లె పెళ్లి అప్పు నెత్తిమీద ఉంది. సరే అన్నాను. నడుము ఊగినాక పక్కన నాయిన ఉంటే బాగుండదు కదా, అది 'బావయ్యా' అయింది.

పాట హిట్టయింది. ఏ బరాత్‌లో చూసినా అదే. సద్దుల బతుకమ్మ నాడు మా ఊళ్లో డీజే వాళ్లు కూడా అదే పెట్టారు. అమ్మ ఆట మధ్యలో నుంచి బయటికొచ్చి, "గా మాట నువ్వే మార్చినవా బిడ్డా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. నాట్ల రోజుల్లో రాత్రి ఆమె నడుముకు జండూబామ్ రాసింది నేనే.

అసలు బతుకమ్మకు డీజే ఎందుకో నాకర్థం కాదు. చప్పట్లే తాళం ఆ ఆటకు. పక్కనున్నామె గొంతు వినపడకపోతే ఉయ్యాలో అని ఎట్లా అందుకుంటారు?

మట్టి మాటలు అమ్ముడుపోవని చెప్పేవాళ్లు చల్లగరిగె ఊరి పాటల రచయిత చంద్రబోస్‌ను చూడాలి. 'నాటు నాటు'లో ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు, కిర్రు చెప్పులు అన్నీ ఉన్నాయి. 2023లో దానికే ఆస్కార్ వచ్చింది. జనానికి రుచి లేదనేది చేతగాని ప్రొడ్యూసర్ల మాట.

ఇంకొకటి. సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రికార్డు కోసం రాసిన పాట మీద రాయల్టీ వదులుకుంటున్నానని రచయిత రాసిచ్చినా అది చెల్లదు. అయినా మా దగ్గర ఇప్పటికీ 'సర్వ హక్కులూ' అని రాయించుకుంటున్నారు. నేనూ రాసిచ్చాను.

నిరుడు అమ్మావాళ్లను మా పొలం గట్టు మీద కూర్చోబెట్టి, 'నడుమిరిగె నాయినా' అనే పాడించి ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాను. రెండో రోజే ఆ ప్రొడ్యూసర్ చానల్ నుంచి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ట్యూన్ వాళ్లదట! మా అమ్మమ్మ కూడా పాడిన ట్యూన్ అది. క్లెయిమ్ మీద డిస్ప్యూట్ పెట్టాను. నేను రాయని చరణాలు ఇంకా నాలుగున్నాయని అమ్మ అంటోంది. నాట్లు అయిపోగానే అవి కూడా పాడిస్తాను.