పురుగును పసిగట్టే చేతి పరికరాన్ని నమ్మి మందు కొట్టవచ్చా?

కూరగాయల తోటలో పురుగును ముందుగానే పసిగట్టే చేతి సెన్సర్ కొంటే పిచికారీ ఎప్పుడు చేయాలో అదే చెబుతుందా అని అడిగారు. వంగతోటలో ఒక పంటకాలమంతా అలాంటి పరికరంతో తిరిగాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: చెప్పదు. ఎక్కడ వంగి చూడాలో మాత్రం చెబుతుంది.

నాది వాసన పట్టే రకం. ఆకు గాయపడినప్పుడు మొక్క వదిలే ఆవిరులను అందులోని లోహ ఆక్సైడ్ సెన్సర్లు గుర్తిస్తాయి. ఒకరోజు ఉదయం చాలు వెంట నడుస్తుండగా ఒకేచోట అది ఆగకుండా మోగింది. ఇరవై మొక్కల దాకా ఆకులు తిప్పి, కొమ్మలు వంచి వెతికినా ఒక్క పురుగూ కనబడలేదు. అంతకుముందే అక్కడ కలుపు తీశాము, కోసిన గడ్డి ఇంకా వాడిపోకుండా పచ్చిగానే బోదెలో ఉంది. కొడవలితో తెగినా పురుగు కొరికినా ఆకు నుంచి మొదట వచ్చేది ఆ పచ్చివాసనే. పురుగు లాలాజలానికి స్పందించి మొక్క తయారుచేసే ప్రత్యేకమైన ఆవిరులు చాలావరకు కొన్ని గంటల తరువాత గాని వెలువడవు.

అదే మధ్యాహ్నం, పరికరం ఏమీ పలకని మరో చాలులో, ఒక మొక్క మొవ్వు వాలి కనిపించింది. దానిని తుంచి గోటితో నిలువునా చీల్చితే లోపల ముదురు రంగు విసర్జన, దాని వెనుక గులాబీ రంగు పురుగు ఉన్నాయి. కొమ్మను, కాయను తొలిచే ఈ పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటల్లోనే లోపలికి దూరి, వెళ్లిన దారిని విసర్జనతో మూసేస్తుంది. బయటికి వచ్చే కాస్త వాసననూ గాలి చెదరగొడుతుంది.

అమ్మేవారు మాత్రం మూసిన గదిలో, కుండీలోని మొక్క మీద చూపించి ఒప్పిస్తారు. గాలిలో తేమ, ఎండ వేడి మారితే ఈ సెన్సర్ల కొలత కూడా మారుతుందన్న మాటను మనమే అడిగి రాబట్టాలి. ఆకు మీద పడి తిరిగివచ్చే కాంతిని కొలిచే పరికరాలకూ ఇటువంటి చిక్కే ఉంది, ఎందుకంటే నీటి ఎద్దడి, నత్రజని లోపం కూడా ఆకును దాదాపు అలాగే మారుస్తాయి. ఏ పంటలో, ఏ పురుగు మీద, ఆరుబయట పరీక్షించారో స్పష్టంగా చెప్పలేనివారి దగ్గర కొనవద్దు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, మోత వినగానే పంపు భుజానికెత్తుకోవడం. ఆ మందుకు అక్షింతల పురుగులు, పరాన్నజీవి కందిరీగలు ముందుగా చచ్చిపోతాయి, ఆపైన తెల్లదోమను అదుపులో ఉంచేవి తోటలో మిగలవు.

ఇప్పుడు పరికరం మోగిన చోట ఒక పుల్ల గుచ్చి, చుట్టూ ఉన్న పది మొక్కల మొవ్వులు చూస్తాను, ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టిన లింగాకర్షక బుట్టలో పడిన మగ రెక్కల పురుగులను లెక్కపెడతాను, వాలిన కొమ్మలను తొలిచిన చోటికి కిందుగా తుంచి తోట బయట కాల్చేస్తాను.