పొలానికి దారేది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారూ ఆయన తమ్ముడూ డెబ్బైల్లో పొలం పంచుకున్నారు. రోడ్డు పక్క చెక్క చిన్నతాతగారికి, వెనక ఎకరం నలభై సెంట్లు మాకు. అప్పటి నుంచి వాళ్ల గట్టు మీదుగానే మా బండి, తర్వాత ట్రాక్టరు వెళ్లేవి. మొన్న సంక్రాంతి వెళ్లాక వాళ్ల మనవలు ఆ చెక్క బయటివాళ్లకు అమ్మేశారు. కొన్నవాళ్లు ఫెన్సింగ్ వేసేసి, దస్తావేజులో దారి ఎక్కడుందో చూపించండి అంటున్నారు. దాళ్వా కోతలకు మిషన్ ఎలా తీసుకెళ్లాలో తెలియక టెన్షన్ పడుతున్నాం.
ఒక రైతు, కోనసీమ

జవాబు: దస్తావేజులో లేనంత మాత్రాన దారి లేనట్టు కాదండీ. ఒకరి భూమి మీదుగా ఇంకొకరికి ఉండే దారి లాంటి హక్కుని ఈజ్‌మెంట్ అంటారు. వీటి కోసం చేసిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఒకే ఆస్తిని పంచుకున్నప్పుడు ఒక వాటాకు ఇంకో వాటాలోంచి తప్ప దారి లేకపోతే, ఆ దారి హక్కు పంపకంతోనే పుడుతుందని అందులో 13వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మీకు అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఆ పాత పంపకాల దస్తావేజు. అది నోటిమాట పంపకమైతే రెండు చెక్కలూ ఒకప్పుడు ఒకే ఖాతాలో ఉన్నట్టు చూపే పాత అడంగళ్లు (రెవెన్యూ వాళ్ల పొలం లెక్కలు) తీయించండి. భూమి చేతులు మారినా ఈ హక్కు పోదు, కొన్నవాళ్లు దాన్ని మోయాల్సిందే.

ఇంకో ఆధారం 15వ సెక్షన్. ఎవరి అనుమతీ అడగకుండా, హక్కుగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు నడిస్తే అదే హక్కవుతుంది. అయితే ఆ 20 ఏళ్ల వాడకం మీరు దావా వేసే నాటికి ముందు రెండేళ్లలోపు దాకా సాగి ఉండాలి. పెద్దమనుషులు చూసుకుంటార్లే, వచ్చే పంటకు మాట్లాడదాంలే అని ఏళ్లు గడిపేస్తే చట్టం లెక్క తప్పుతుంది. అంతకంటే దగ్గరి గడువు ఇంకోటుంది. ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ (తహసీల్దార్, ఆర్డీవో లాంటి అధికారి) దగ్గరికి, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 166వ సెక్షన్ కింద (దానికి ముందున్న సీఆర్‌పీసీలో ఇది 147) వెళ్లాలంటే, ఏడాది పొడవునా వాడే దారిని గత మూడు నెలల్లో మీరు వాడి ఉండాలి. సంక్రాంతి వెళ్లాక మూశారంటున్నారు కాబట్టి ఇప్పుడే కదలండి. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (దారికి అడ్డుపడొద్దనే ఆర్డరు) అడిగేటప్పుడు, ఫెన్సింగ్ ఎక్కడ ఎంతమేర అడ్డుగా ఉందో చూసి రాయడానికి కోర్టు తరఫున ఒక కమిషనర్‌ని వేయమని మీ లాయరు గారితో దరఖాస్తు చేయించండి. ఫోటోలు మీరు తీసిపెట్టుకోండి.

ఈ కేసులు ఓడిపోయేది ఎక్కువగా మనవాళ్ల మాటల వల్లే. కోపంలో "ఆ గట్టు అసలు మాదే" అని రాయిస్తారు. గట్టు మీ సొంతమైతే ఇక దారి హక్కు అడగడమేంటి? సొంత భూమి మీద ఈజ్‌మెంట్ ఉండదు. లేదా "చిన్నతాతగారు పాపం ఒప్పుకున్నారు కాబట్టి నడిచాం" అంటారు. ఆ ఒక్క మాటతో 20 ఏళ్ల వాడకం కాస్తా అనుమతి కిందికి మారిపోతుంది, అనుమతిని ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు.

మిషన్ సంగతి మాత్రం నిక్కచ్చిగా చెబుతాను. పంపకం నాటి అవసరం ఎంతో హక్కూ అంతే. ఎడ్లబండి వెడల్పుకి హక్కు వచ్చిందంటే కోత మిషన్‌కీ వచ్చినట్టని కోర్టు ఒప్పుకుంటుందని నమ్మకం పెట్టుకోకండి. పైగా మీకు కాలవగట్టు వైపు వేరే దారి దొరికితే, అది చుట్టూ తిరుగుడైనా సరే, 13వ సెక్షన్ వాదన బలహీనపడుతుంది. చట్టం చూసేది అవసరాన్ని, సౌకర్యాన్ని కాదు. అందుకే కేసు నడుస్తున్నా సరే, ఓ పది అడుగుల వెడల్పు దారి కొనే బేరం ఆపకండి. రెండు వందల గజాల పొడవుకు అది దాదాపు 14 సెంట్లు. కొంటే రిజిస్టర్ చేయించుకోండి, నోటు మీద సంతకాలతో వదిలేయకండి.

ప్రశ్న: మా ఊరి నక్షలో చెరువు దాకా బండ్ల బాట ఉంది. ఇరుపక్కల వాళ్లు దున్నుకుంటూ వచ్చి ఇప్పుడు మనిషి నడవడమే కష్టం. ముప్పై ఏళ్ల నుంచి దున్నుతున్న, పాసుబుక్కు కూడా ఉన్నది అంటున్నడు ఒకాయన. ఆఫీసులో అడిగితే కోర్టుకు పొమ్మన్నరు.
ఓ పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: మొదట తేల్చాల్సింది ఒక్కటే. ఆ బాటకు వేరే సర్వే నంబరు ఉందా, లేక పట్టా నంబర్ల మీదుగా చుక్కల గీతల్లా పోతోందా? వేరే నంబరు ఉంటే అది సర్కారు భూమి, దాన్ని ఖాళీ చేయించడం తహసీల్దార్ పనే. చుక్కల బాటైతే కింది నేల పట్టాదారుదే కావచ్చు, అయినా ఊరందరూ నడిచే దారిని మూసే హక్కు ఆయనకు రాదు. పాసుబుక్కు భూమి ఎవరిదో చెబుతుంది, దాని మీద బాట లేదని చెప్పదు. నక్ష, టిప్పన్ (సర్వే కొలతల పటం), పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తీసుకుని సర్వేకు దరఖాస్తు పెట్టండి.

"ముప్పై ఏళ్లు" అనే మాటకు భయపడొద్దు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు ఆక్రమణ గురించి, సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: ఎంతకాలంగా ఆక్రమించుకున్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా అది సాకు కాదని. అందరి దారికి అడ్డు పెడితే తొలగించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ బీఎన్ఎస్ఎస్ 152 కింద ఆర్డరు ఇవ్వగలరు. నోటిమాటగా కోర్టుకు పొమ్మన్నారని ఊరుకోకండి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి, గ్రామ పంచాయతీ తీర్మానం జత చేయండి, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోండి. ఒక్కరు కాదు, ఆ బాట మీద బతికే పదిమందీ కలిసి పోండి. ఒక్కడే పోతే పాత కక్ష అనుకుంటారు.

ప్రశ్న: ఫామ్‌హౌస్ కోసం ఇరవై గుంటలు కొన్నాను. ఊళ్లోవాళ్లు శ్మశానానికి నా స్థలంలోంచే వెళ్తున్నారు. గేటుకు తాళం వేయొచ్చా?
హైదరాబాద్ నుంచి

జవాబు: కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇది సార్. చాలాకాలంగా ఊరి ఆచారంగా నడుస్తున్న దారికి ఈజ్‌మెంట్ల చట్టంలో 18వ సెక్షన్ రక్షణ ఉంది. అది పబ్లిక్ దారే అయితే మీ అనుమతితో దానికి పనే లేదు. శవాన్ని మోసుకొచ్చిన రోజు తాళం కనబడితే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ దారి ఊరిదా, పాత ఓనరు మొహమాటానికి వదిలిందా అన్నది నక్ష చూసి, నలుగురు ముసలివాళ్లను అడిగి తెలుసుకోండి. రెండోదైతే, ఓ మూలగా దారి వదిలేస్తానని పంచాయతీ ముందు చెప్పి మిగతాది కంచె వేసుకోండి. అప్పటిదాకా గేటు పెట్టుకోండి గానీ తాళం వేయకండి.