రెసిటేటివ్ ఏది, ఆరియా ఏది?
మోట్జార్ట్ ఒపేరా 'ద మ్యారేజ్ ఆఫ్ ఫిగరో' (1786) వింటుంటే రెసిటేటివ్ ఎక్కడ ముగిసి ఆరియా ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదని అడిగారు. ముందుగా గాత్రాన్ని కాక, దాని వెనుక వినిపించే వాద్యాలను గమనించండి. హార్ప్సికార్డ్ (పియానోలా మీటలున్న పాతకాలపు వాద్యం), మహా అయితే దానికి తోడుగా ఒక చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాద్యం), అక్కడక్కడ మాత్రమే పలుకుతూ, గాయకులు లయకు కట్టుబడకుండా మాట్లాడుకుంటున్నట్టు పాడి కథను నడిపిస్తుంటే అది సెకో రెసిటేటివ్. కథ కాసేపు ఆగి, ఆర్కెస్ట్రా నిలకడైన లయలో సాగుతుండగా ఒకే పాత్ర తన మనసులోని మాటను, పంక్తులను తిప్పి తిప్పి పాడుతూ, చెప్పుకుంటే అది ఆరియా. మిమ్మల్ని తికమకపెట్టింది బహుశా మూడో అంకంలో కౌంటెస్ (కౌంట్ అనే ప్రభువు భార్య) ఒంటరిగా పాడే ఘట్టమై ఉంటుంది, ఎందుకంటే అక్కడ రెసిటేటివ్‌కు కూడా ఆర్కెస్ట్రా తోడుంటుంది. తన పరిచారిక సుసాన్నా ఇంకా రాలేదేమని ఆమె కలవరపడుతున్నంతసేపూ తీగవాద్యాలు మాటల మధ్య ఖాళీల్లోనే ఎక్కువగా పలుకుతాయి. 'దొవే సోనో' ('ఎక్కడున్నాయి') అనే ఇటాలియన్ మాటలు ఎత్తుకోగానే నిదానమైన లయ కుదురుకుంటుంది, ఆరియా అక్కడి నుంచే.