డిబేట్‌లో బీపీ, పీవోఐ, ఎక్స్‌టెన్షన్, విప్... వీటిలో ముందు ఏది నేర్చుకోవాలి?

కాలేజీ డిబేట్ టీమ్‌లో కొత్తగా చోటు దొరికిందనీ, సీనియర్లు వాడే మాటలు అర్థం కాక టెన్షన్‌గా ఉందనీ రాశారు. నేను చదువుకునే రోజుల్లో డిబేట్ చేశాను, తర్వాత జడ్జిగా కూర్చుంటున్నాను. నా సలహా ఒక్కటే: మాటల అర్థాలు బట్టీ పట్టకండి. అవతలి వాళ్ల వాదనతో మీరేం చేయాలో ఒక్కో మాట చెబుతుంది. ఆ పని తెలిస్తే మాట దానంతటదే గుర్తుంటుంది.

ముందు బీపీ, అంటే బ్రిటిష్ పార్లమెంటరీ. 1981 నుంచి జరుగుతున్న ప్రపంచ యూనివర్సిటీల పోటీలో ఇప్పుడున్న పద్ధతి ఇదే. నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. మోషన్, అంటే చర్చించాల్సిన అంశం, ఇచ్చాక తయారీకి 15 నిమిషాలు. రెండు జట్లు గవర్నమెంట్ వైపు, అంటే మోషన్‌ను సమర్థిస్తాయి; రెండు అపోజిషన్ వైపు, అంటే వ్యతిరేకిస్తాయి. ఒక్కో వైపు ముందు మాట్లాడే జట్టు ఓపెనింగ్, తర్వాత మాట్లాడేది క్లోజింగ్. ఒక్కొక్కరికి 7 నిమిషాల ప్రసంగం. మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు 3 పాయింట్లు, తర్వాతి స్థానాలకు 2, 1, 0. మీ వైపే ఉన్న రెండో జట్టు కూడా మీకు పోటీయే. కొత్తవాళ్లకు మింగుడుపడనిది ఇదే, ఎక్స్‌టెన్షన్, అంటే క్లోజింగ్ జట్టు తేవాల్సిన కొత్త వాదన, పుట్టిందీ ఇందుకే.

ఒక మోషన్ తీసుకుందాం: ‘ఈ సభ స్కూళ్లలో హోంవర్క్‌ను నిషేధిస్తుంది’. ఓపెనింగ్ గవర్నమెంట్ పిల్లల అలసట, నిద్ర గురించి చెప్పేసింది. మీరు క్లోజింగ్ గవర్నమెంట్. అదే అలసటను ఇంకాస్త గట్టిగా చెబితే అది ఎక్స్‌టెన్షన్ కాదు. ‘ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు హోంవర్క్ వల్లే వెనకబడతారు, ఆ తేడా ఏటేటా పెరుగుతుంది’ అని కారణాలతో నిరూపిస్తే అది మీ సొంత వాదన. అలాకాకుండా ‘చిన్న తరగతుల్లో నిషేధిస్తే చాలు’ అన్నారంటే మీ ఓపెనింగ్ జట్టునే కాదన్నట్టు. దాన్నే నైఫింగ్ అంటారు, జడ్జీలు దాన్ని తేలిగ్గా వదిలిపెట్టరు.

పీవోఐ, అంటే పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, అవతలి వైపు ప్రసంగం మధ్యలో లేచి అడిగే చిన్న ప్రశ్న. మొదటి నిమిషం, చివరి నిమిషం వదిలేసి మధ్యలోనే అడగాలి. 15 సెకన్లకు మించకూడదు. ‘హోంవర్క్‌తో సొంతంగా చదివే అలవాటు వస్తుంది’ అని ఎవరైనా అన్నారనుకోండి. ‘తల్లిదండ్రులు పక్కన కూర్చుని చేయిస్తే అది సొంత చదువు ఎలా అవుతుంది?’ అని అడిగి కూర్చోండి. ఒక్క వాక్యం చాలు. ముందు ఉపోద్ఘాతం పెడితే సమయం దానికే సరిపోతుంది.

విప్ ఆయా వైపు చివరగా మాట్లాడే మనిషి. పని సారాంశం చదవడం కాదు. గొడవ ఎక్కడ తేలిందో, అందులో తన జట్టు ఎందుకు ముందుందో చూపించడం. అపోజిషన్ విప్ కొత్త వాదన అసలు తేకూడదు, ఎందుకంటే ఆ తర్వాత జవాబు చెప్పే అవకాశం ఎవరికీ ఉండదు.

ఏపీ, అంటే ఏషియన్ పార్లమెంటరీ, బీపీ కంటే సులువుగా అర్థమవుతుంది. రెండే జట్లు, జట్టుకు ముగ్గురు, చివర్లో రిప్లై స్పీచ్, అంటే చర్చ మొత్తాన్ని బేరీజు వేసి ముగించే చిన్న ప్రసంగం. 1988లో మొదలైన ప్రపంచ స్కూళ్ల పోటీ కూడా దాదాపు ఇలాంటిదే, కాకపోతే ప్రసంగం 8 నిమిషాలు, రిప్లై 4. లింకన్-డగ్లస్ అనే పేరు వింటే కంగారు పడకండి. అది ఒకరితో ఒకరు తలపడే అమెరికన్ పద్ధతి, 1858లో ఆ ఇద్దరు నాయకుల మధ్య జరిగిన చర్చల పేరే దానికి పెట్టారు.

ఇక వెయింగ్, అంటే రెండు వైపుల వాదనలను తూచి పోల్చడం. జడ్జిగా నేను ఎక్కువగా వెతికేది, తక్కువగా దొరికేది ఇదే. నిద్ర చెడుతుందన్నదీ నిజమే, అభ్యాసం తగ్గుతుందన్నదీ నిజమే అనిపించినప్పుడు, ఏది ఎక్కువమందికి తగులుతుంది, ఏది తర్వాత సరిదిద్దుకోలేనిది అని పోల్చి చెప్పిన జట్టుకే పైచేయి. ఎవరూ పోల్చకపోతే ఆ పని జడ్జి మీద పడుతుంది, అప్పుడు ఫలితం మీ చేతిలో ఉండదు. ‘మా వాదన బాగుంది, మరి ఎందుకు ఓడిపోయాం?’ అని నన్ను అడిగే జట్లకు చాలాసార్లు నేను చెప్పే జవాబు ఇదే.

ఇవన్నీ ఒంటబట్టాలంటే ఫ్లో, అంటే చర్చ సాగుతుండగా వాదనల నోట్స్, రాయడం మొదలుపెట్టండి. కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది నిలువు గడులు గీయండి, ఒక్కో స్పీకర్‌కు ఒకటి. గవర్నమెంట్‌కు ఒక రంగు పెన్ను, అపోజిషన్‌కు ఇంకో రంగు. ఎవరు ఎవరికి జవాబిచ్చారో బాణం గుర్తు వేయండి. బాణం తగలని వాదన ఏదైనా మిగిలిందంటే దానికి ఎవరూ జవాబివ్వలేదన్నమాట; మీ వంతు రాగానే ముందు అక్కడికే వెళ్లండి. ప్రపంచ పోటీల ఫైనల్స్ వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ మొదటి ప్రాక్టీస్‌కు ముందే ఒకదానికి పూర్తిగా ఫ్లో రాసి, ఫలితం వినకుండా ఆపేసి, నాలుగు జట్లకూ ర్యాంకులు మీరే వేసి చూడండి.