ప్రకృతి ఫోటోలు చూస్తే మనసు కుదుటపడుతుందా? మా మందుల షాపు గోడ మీది ఫోటో సంగతి

మీది కొరాపుట్ వైపు అన్నారు, ఉద్యోగం బెంగళూరులో. ఆఫీసు టెన్షన్ తగ్గడానికి ప్రకృతి ఫోటోలు చూడమని ఎవరో చెబితే ఫోన్ నిండా దింపుకున్నాను, ఏమీ తేడా లేదు, ఇది ఎవరికైనా పనిచేసిందా అని అడిగారు. నాకు పనిచేసింది. కాకపోతే నాది ఫోన్‌లో చూసే ఫోటో కాదు, నేనెరగని చోటుదీ కాదు. మీ దగ్గర తేడా రాకపోవడానికి కారణం ఈ రెండింట్లోనే ఉందని నా అనుమానం.

మాది ఒడిశాలోనే రాయగడ. నేనూ మా ఆయనా మందుల షాపు నడుపుతాం. పొద్దున షట్టర్ ఎత్తితే రాత్రి దించేదాకా నిలబడే పనే. అరువు ఖాతాలు, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు, చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇమ్మని పేచీ పెట్టేవాళ్లు. వీటికి తోడు ఆ మధ్య మా నాన్నకి ఒంట్లో బాగోక విశాఖపట్నం ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. ఆ రోజుల్లో షాపులో ఫోన్ మోగితే చాలు, నా చేతిలో స్ట్రిప్ ఏదో, ఎదురుగా మనిషి అడిగిందేదో కూడా గుర్తుండేది కాదు.

అప్పుడు మా తమ్ముడు హాతీపథర్‌లో తీసిన ఫోటో ఒకటి స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రిజ్ పక్క గోడకి కొట్టాను. నిజానికి గోడ పెచ్చులూడిన చోటు కనపడకుండా పెట్టింది అది! హాతీపథర్ అంటే మా ఊరికి దగ్గర్లోనే, నాగావళి ఒడ్డున ఏనుగుల్లాంటి బండలుండే చోటు. ఈ నది కలాహండి కొండల్లో పుట్టి మా ఊరి మీదుగా దిగి, శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం. ఆ నీళ్లు అటే పోతున్నాయని చిన్నప్పట్నుంచీ నాకో లెక్క.

ఫోటోలో గొప్పేమీ లేదు. సూర్యోదయం లేదు, ఇంద్రధనుస్సు లేదు. శీతాకాలం పొద్దు, నీళ్లు తగ్గి ఉన్నాయి. ఎడమవైపు బండ మీద ఓ గీత ఉంటుంది. ఆ గీతకి కింద రాయి లేత రంగు, పైన నల్లగా నాచు ఎండిన రంగు. వానల్లో నీళ్లు అంతదాకా ఎక్కుతాయన్నమాట. ఆ గీత ఎక్కడ తెగింది, ఎక్కడ వంగింది అని చూసుకుంటూ పోతే ఆ బండ పక్కన పాదాలకి తగిలే చలీ, జారుడూ తెలుస్తాయి. ఎందుకంటే నేను అక్కడ కాలు పెట్టాను కాబట్టి. స్విట్జర్లాండ్ సరస్సు ఫోటోలో నేను ఏ రాయి మీదా కాలు పెట్టలేదు. కళ్లకి బాగుంటుంది, అంతే, వేలు దానంతటదే తర్వాతి ఫోటోకి పోతుంది.

ఓసారి కొండల మీంచి సంతకి దిగిన కోంధు గిరిజన ముసలాయన ఒకరు మందు కోసం నిలబడి ఆ ఫోటోకేసే చూస్తున్నారు. కౌంటర్ మీదుగా వంగి మరీ కుడివైపు బండ మీద వేలు పెట్టి, ఇక్కడే గాలం వేస్తామని చెప్పారు. బిల్లు కట్టాక కూడా కదల్లేదు. ఆయనా నేనూ ఒకే కాగితం చూస్తున్నాం, ఆయనకి చేపలు, నాకు రాతి మీది గీత.

మందుల మనిషిని కాబట్టి దీని వెనక ఏమైనా శాస్త్రం ఉందా అని వెతికాను. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో రాశారు: అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనపడిన 23 మందినీ, ఇటుక గోడ కనపడిన 23 మందినీ పోల్చి చూస్తే, చెట్లు కనపడినవాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అది కిటికీ కదా, ఫోటో కాదు కదా అంటే, 2008లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఫోటోలతోనే చేశారు. ప్రకృతి ఫోటోలు చూశాక ఏకాగ్రత పరీక్ష బాగా రాసినవాళ్లకి, నగర వీధుల ఫోటోలు చూశాక ఆ మెరుగు కనపడలేదు. ఆ ప్రకృతి ఫోటోలు వాళ్ల సొంత ఊరివేం కావు, కాబట్టి తెలిసిన చోటే కావాలన్న నా మాటకి శాస్త్రం అండ ఉందని చెప్పను. అది నా అనుభవం.

ఇంకో అనుభవం కూడా చెబుతాను. మనుషులున్న ఫోటో దీనికి పనికిరాదు. చిలిక సరస్సులో రంభ దగ్గర పడవ మీద నాన్నతో దిగింది నా దగ్గర ఉంది, చక్కటి ఫోటో. దాన్ని చూస్తే నీళ్లు కనపడవు, నాన్న మొహంలో అప్పటికే జబ్బు ఉందా అని వెతుకుతాను. అది ఆల్బమ్‌లోనే ఉంచాను.

ఫోన్ ఎందుకు వద్దంటున్నానో మీకూ తెలుసు. ఫోటో చూస్తుండగానే పైనుంచి మీ మేనేజర్ మెసేజ్ దిగుతుంది.

మీకైతే నేను చెప్పేది ఇది. ఇంట్లో తమ్ముడో వదినో ఉంటే, మీరు చిన్నప్పట్నుంచీ తిరిగిన చోటు ఒకటి చెప్పి ఫోటో తీయించుకోండి. దేవ్‌మాలి 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం, ఫోటో గొప్పగా వస్తుంది. కానీ మీరు పెరిగింది ఏ వాగు పక్కనో అయితే ఆ వాగే మేలు. వలిసె పూల పొలమే మీ చోటైతే నవంబరు ప్రాంతంలో తీయమనండి, ఆ తర్వాత పసుపు ఉండదు. గ్లాసీ కాగితం వద్దు, ట్యూబ్‌లైట్ పడి సగం ఫోటో తెల్లగా కనపడుతుంది, మ్యాట్ వేయించండి. కంప్యూటర్ పక్కన పెట్టి, ఎందుకు చూస్తున్నానో ఆలోచించకుండా ఏదో ఒక మూల నుంచి మొదలుపెట్టి మెల్లగా చూడండి. టీ చల్లారేంత సేపు చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకడం ఎందుకనిపించడం లాంటివి ఉంటే ఫోటోతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ఉన్న హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మా షాపుకి వచ్చి నిద్రమాత్ర అడిగేవాళ్లకీ ముందు ఆ నంబరే చీటీ మీద రాసిస్తున్నాను. కొందరు చింపేస్తారు, కొందరు జేబులో పెట్టుకుంటారు.