అత్తగారి వెండి రూపాయలను గ్రేడింగ్‌కి పంపాలా?

ప్రశ్న: ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు రాశారు. అత్తగారి పెట్టెలో 38 వెండి రూపాయలు దొరికాయట. విక్టోరియావి కొన్ని, ఎడ్వర్డ్‌వి కొన్ని, అయిదో జార్జివి ఎక్కువ, మొత్తం 1862 నుంచి 1919 లోపువే. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి వాటిని అమెరికాలో గ్రేడింగ్ (నాణెం ఎంత బాగుందో నిపుణులు చూసి అంకె వేయడం) చేయిస్తే ఒక్కోటి లక్షలు పలుకుతుందంటున్నాడు, వచ్చే నెల ఇంటికొచ్చినప్పుడు పట్టుకెళ్తానంటున్నాడు. ఈలోగా ఆవిడ పాతిక వేల ఫీజుతో ఆన్‌లైన్ గ్రేడింగ్ కోర్సు ఒకటి చూశారు. ఈ మధ్యే ఎఫ్‌డీ తీరి రెండు లక్షలు చేతికొచ్చాయి. కోర్సు చేసి, మిగతా డబ్బుతో నాణేలు కొని అమ్మితే ఎలా ఉంటుందని అడుగుతున్నారు.

జవాబు: మేడమ్, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ నాణేలు అబ్బాయి సూట్‌కేసులోకి వెళ్లకుండా చూడండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం ఏదైనా పురావస్తువే, దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ అది అనుమతించిన సంస్థలకూ తప్ప మామూలు మనుషులకు లేదు. గ్రేడింగ్ అయ్యాక మళ్లీ తెచ్చేస్తాం కదా అంటే కుదరదు. దొరికితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. మీ పెట్టెలో ఉన్నవన్నీ వందేళ్లు దాటినవే. మన దేశంలో మీ నాణేలు మీరు అమ్ముకోవచ్చు, దానికేం ఇబ్బంది లేదు. కొనే డీలర్‌కి లైసెన్సు ఉందో లేదో మాత్రం అడగండి.

ఇక గ్రేడింగ్ సంగతి. ఇది నేర్చుకోవాలన్న మీ ఆలోచన మంచిదే. కాకపోతే దాంతో లాభం సంపాదిస్తానని కాకుండా, చేతిలో ఉన్నదాని విలువ తెలుసుకుని మోసపోకుండా ఉండటానికి అనుకుని నేర్చుకోండి.

అమెరికాలో ఈ పని చేసే పెద్ద కంపెనీలు రెండు, 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ. నాణెం చేరగానే అది ఎవరిదన్న వివరం పక్కకు పోతుంది, చూసేవాళ్లకు ఆ పేరు తెలియదు. ఒకరికి మించి గ్రేడర్లు ఎవరికి వారు విడిగా చూసి అంకె వేస్తారు, చివరికి ఒకటి ఖాయం చేస్తారు. అసలైనదో నకిలీదో తేల్చేదీ వాళ్లే. ఆ తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి, లేబుల్ మీద గ్రేడ్, సర్టిఫికెట్ నంబరు వేస్తారు. ఆ డబ్బానే స్లాబ్ అంటారు. నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. చాలావాటికి ఫొటో కూడా వస్తుంది, దాన్ని చేతిలో ఉన్న నాణెంతో గీత గీతకూ పోల్చుకోవాలి, ఎందుకంటే దొంగ స్లాబులూ ఉన్నాయి, అసలు నంబరునే దొంగ డబ్బా మీద వేసేవాళ్లూ ఉన్నారు.

అంకెలు 1 నుంచి 70 దాకా. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ పెద్ద సెంట్ల కోసం ఈ కొలత పెట్టాడు. 70 వచ్చిన సెంటు, 1 వచ్చినదానికి డెబ్బై రెట్లు పలకాలన్నది ఆయన లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మాత్రం ప్రపంచమంతా నిలిచాయి. 60 నుంచి 70 దాకా ఎంఎస్ (మింట్ స్టేట్), అంటే జనం చేతుల్లో తిరగనివి. 50 నుంచి 58 ఏయూ (ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్), ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం కొద్దిగా అరిగినవి. ఆ కింద ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), వీఎఫ్ (వెరీ ఫైన్) అలా దిగుతూ 1 దగ్గర ఆగుతుంది, అక్కడ అది ఏ నాణెమో పోల్చుకోగలిగితే చాలు. ఇందులో ఒక తమాషా ఉంది. ఏయూ-58 చాలాసార్లు ఎంఎస్-60 కంటే అందంగా ఉంటుంది. ఎంఎస్-60 ఎవరి చేతా వాడబడకపోయినా టంకశాల సంచుల్లో తోటి నాణేలతో కొట్టుకుని ఒళ్లంతా గాట్లు పడి ఉండొచ్చు. అందుకే లేబుల్ ఒక్కటీ చూసి కొనకూడదు.

ఇంట్లోనే చూడటం ఎలాగో చెప్తాను. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేసి ఒక్క టేబుల్ ల్యాంప్ వేయండి, కింద మెత్తటి గుడ్డ పరవండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. దీపం కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. కొత్త మెరుపు పోని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. అరిగినదాని మీద ఆ వెలుగు ఎత్తు చోట్ల తెగిపోతుంది. విక్టోరియా రూపాయి అయితే రాణి చెంప, చెవి దగ్గర జుట్టు, భుజం మీద పువ్వుల కుట్టు ముందు అరుగుతాయి. ఆ కుట్టులో పువ్వులు విడివిడిగా కనిపిస్తున్నాయా, లేక నున్నటి మచ్చలా కలిసిపోయాయా, అదే మీకు సగం జవాబు. భూతద్దం అయిదు నుంచి ఏడు రెట్లది చాలు, మరీ పెద్దదైతే ప్రతి గీతా పెద్ద గాయంలా కనపడి టెన్షన్ పెడుతుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం చదివి నాకు గుండె జారింది, వరలక్ష్మీ వ్రతానికి ఏటా చింతపండుతో తోమి పెట్టేవాళ్లమని రాశారు. చింతపండైనా, విబూదైనా, పీతాంబరి పొడైనా, టూత్‌పేస్టైనా ఫలితం ఒకటే. పులుపు వెండి పై పొరను తినేస్తే ఆ తిరిగే వెలుగు పోతుంది, రుద్దుడుకు సన్నటి గీతలు పడతాయి. అవి ల్యాంప్ కింద ఒకే వైపుకు పరిచినట్టు కనిపిస్తాయి. అలాంటి నాణేనికి గ్రేడర్లు అంకె వేయరు, 'ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్' (అరుగుదల ఎక్స్‌ఎఫ్ స్థాయిదే, కానీ తోమేశారు) అని రాసి పంపిస్తారు, ధర అక్కడే పడిపోతుంది. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేసినవీ, వెండి పరీక్షకు కంసాలి గాటు పెట్టినవీ అదే బాపతు. మీ 38లో ఎక్కువ భాగం ఇలాంటివే అయి ఉంటాయి. నల్లబడ్డాయని ఇక మీదట మళ్లీ తోమకండి, సహజంగా పట్టిన నలుపును ఇష్టపడి కొనేవాళ్లున్నారు.

అయితే అవి పనికిరానివని కాదు. ఒక్కో రూపాయి 11.66 గ్రాములు, మన పాత తులం బరువు అదే. అందులో దాదాపు 92 శాతం, అంటే 10.69 గ్రాములు అసలు వెండి. ఈరోజు వెండి ధరతో గుణించుకుంటే కనీస విలువ తెలిసిపోతుంది, అంతకంటే తక్కువకు ఎవరడిగినా ఇవ్వకండి. గ్రాముల్లో పాయింట్లు చూపించే చిన్న కాటా కొని ప్రతిదీ తూచండి, అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, అంటుకుంటే అది వెండి కాదు. బరువులో బాగా తేడా వచ్చినవి పక్కన పెట్టండి.

గ్రేడ్ వేరు, అరుదు వేరు, ఇది చాలామంది కలిపేస్తారు. 1917, 1918, 1919 రూపాయలు కోట్లలో ముద్రించారు, అవి ఎంత బాగున్నా ఊరూరా ఉన్నాయి. (ఆ వెండికి ఒక కథ ఉంది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది, అందులో ఎక్కువ భాగం బ్రిటన్ కొని ఇక్కడి టంకశాలలకు పంపింది. మీ పెట్టెలోని రూపాయి ఒకప్పుడు డాలరై ఉండే అవకాశం లేకపోలేదు.) అదే 1911 అని ఉన్న అయిదో జార్జి రూపాయి దొరికితే, కాస్త అరిగినా డీలర్లు అడుగుతారు. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, దాన్ని ఆపేసి మరుసటి ఏడు బొమ్మ మార్చారు. మీ జార్జి నాణేల మీద సంవత్సరాలు మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు కోర్సు. పాతిక వేలు వద్దు. ఆ రెండు కంపెనీల సైట్లలో గ్రేడ్ల వివరాలు, ఫొటోలు ఉచితంగానే ఉన్నాయి. మన ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థల కేటలాగులు తీసి, విక్టోరియా రూపాయల ఫొటోలు మాత్రమే చూడండి, రాసిన గ్రేడ్‌ను చేత్తో మూసి మీరొక గ్రేడ్ అనుకుని తర్వాత పోల్చుకోండి. పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి మీది, రెండు మూడు నెలల్లో పట్టు చిక్కుతుంది. ఒకే రకం నాణెంతో మొదలుపెట్టడం ముఖ్యం, అన్నీ ఒకేసారి చూస్తే ఏదీ రాదు. హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు వెళ్లి, అడిగి, చేత్తో పట్టుకుని చూడండి, ఫొటోలో కనపడని మెరుపు అక్కడే తెలుస్తుంది. అబ్బాయికి సరదా ఉంటే అక్కడి పాత వెండి నాణేలు మోర్గన్ డాలర్లతో నేర్చుకోమనండి, అతనికి ఏ చట్టం గొడవా ఉండదు.

మరి రెండు లక్షలు? నాణేల వ్యాపారంలో పెట్టొద్దనే చెప్తాను. కొన్న రోజే అమ్మబోతే డీలర్ తన మార్జిన్ మినహాయించుకునే ఇస్తాడు, వేలంలో అయితే కమీషన్ పోతుంది, మధ్యలో వడ్డీ రాదు, అవసరానికి గంటలో అమ్ముడుపోదు. ఇందులో డబ్బు చేసుకునేవాళ్లు ఏళ్ల తరబడి వేల నాణేలు చూసినవాళ్లు. ఇక స్లాబ్ చేయించాలంటే ఫీజు, కొరియర్, ఇన్సూరెన్స్ కలిపి ఎంతవుతుందో లెక్కేసి, పెరిగే ధర దానికి కనీసం మూడు రెట్లు ఉంటుందనుకుంటేనే ఆలోచించాలి. మామూలు రూపాయికి అది రాదు. మీ వయసుకు ఆ డబ్బు సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. సరదాకి పదివేలు విడిగా ఉంచుకోండి, కాటా, భూతద్దం, ఒకటో రెండో మంచి నాణేలు, అంతే. మీ పెట్టెలోవి ఎప్పుడైనా పెద్ద మొత్తానికి అమ్మితే బిల్లు తీసుకుని ఆడిటర్‌కి చూపించండి. 2001కి ముందు నుంచీ ఇంట్లో ఉన్నవి కాబట్టి పన్ను లెక్కలో ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకునే వీలుంటుంది.

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి, వాటి వల్ల నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ (పీవీసీ కాని పారదర్శక ప్లాస్టిక్) కవర్లు అడిగి తీసుకోండి, ఒక్కో దాంట్లో ఒక్కటే.

చివరగా ఇంకో సంగతి. నాణేల గురించి నెట్‌లో వెతకడం మొదలుపెట్టగానే మీకు ఫోన్లు వస్తాయి, వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు పది లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, జీఎస్టీ కట్టండి అని. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో కూడా వాడేస్తారు. అలాంటి లావాదేవీల్లో తాము లేమని, ఎవరికీ ఫీజు, కమీషన్ కట్టొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. ఒక్క రూపాయి కూడా పంపకండి, పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.