మూడేళ్లు చేసిన ప్రాజెక్టు వేస్టేనా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి, పక్కింటి కుర్రాడు ఏఐ కోర్సులో చేరాడని పొడుగ్గా రాసి, ఒకటి అడిగారు. వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో మూడేళ్లు బ్యాంకు లోన్ల ప్రాజెక్టులో జావా అనే ప్రోగ్రామింగ్ భాష మీద చేశాడు, ప్రాజెక్టు అయిపోయి ఇప్పుడు బెంచ్ మీద ఉన్నాడు, అంటే ఉద్యోగం ఉంది గానీ చేతిలో ప్రాజెక్టు లేదు, ఉద్యోగం మానిపించి ఏఐ కోర్సులో చేర్చాలా, జావాలోనే ఉండనివ్వాలా అని.

చూడండి, ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, కోర్సు పేరు మారుతుందంతే. మీ అసలు భయం మూడేళ్లు నీళ్లపాలయ్యాయేమోనని. కాలేదండీ.

ఒక్కటి చెప్తా. కస్టమర్ ఈఎంఐ కడుతుంటే నెట్ పోయింది, మళ్లీ నొక్కాడు, డబ్బులు రెండుసార్లు కట్టయ్యాయి. ఇది ఆపాలంటే ప్రతి పేమెంటుకీ ఓ నంబరిచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే కొత్తగా కట్ చెయ్యకుండా మొదటి జవాబే తిరిగి పంపాలి, దీన్ని ఐడెంపొటెన్సీ అంటారు. లోన్ల ప్రాజెక్టులో ఈ తలనొప్పి పడ్డ కుర్రాడు రేపు హాస్పిటల్ బిల్లింగ్‌కి వెళ్లినా, బస్ టికెట్ల యాప్‌కి వెళ్లినా, జావా వదిలి పైథాన్ అనే ఇంకో భాషలో రాసినా ముందు ఇదే అడుగుతాడు. ఇది ఏ కోర్సులో వస్తుంది చెప్పండి?

అలాగని పాత కోడ్ ఎత్తుకొచ్చి పెట్టెయ్యమని కాదు. కంపెనీ కోడ్ పెన్‌డ్రైవ్‌లో అసలు తేకూడదు, ఉద్యోగానికే ఎసరు. పైగా 1996 జూన్ 4న యూరప్‌వాళ్ల ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే సుమారు 40 సెకన్లకి పేలిపోయింది, ఎందుకంటే అంతకుముందు రాకెట్ ఏరియన్ 4లో బాగా నడిచిన సాఫ్ట్‌వేర్ భాగాన్నే ఇందులోనూ పెట్టారు, ఈ రాకెట్ వేగం ఎక్కువ, దాంతో 64 బిట్లలో ఉన్న పెద్ద సంఖ్య 16 బిట్ల చిన్న చోటులో పట్టలేదు. తెచ్చుకోవాల్సింది కోడ్ కాదు, అప్పుడు ఎందుకలా చేశాం, ఏ పరిస్థితికి చేశాం అన్నది. 2011లో మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఆయన ప్రతి పెద్ద నిర్ణయాన్నీ ఒకటి రెండు పేజీల్లో రాసిపెట్టుకోమన్నాడు: పరిస్థితేంటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం జరుగుతుంది. మీవాడు బెంచ్ మీద ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యాల్సింది ఇదే, కస్టమర్ల వివరాలూ కంపెనీ రహస్యాలూ లేకుండా.

ఇక ఏఐ కోర్సు. ఏఐ మీద నాకు కోపం లేదు, నేర్చుకోవాల్సిందే. కానీ ఉద్యోగం మానేసి లక్షలు పోసి చేరాక చాలామంది రెజ్యూమెల్లో కనపడేది అందరూ ప్రాక్టీసుకి చేసే అదే టైటానిక్ ప్రయాణికుల డేటా, అదే ఇళ్ల ధరల ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో ఈ ఏఐ మోడలే ఎందుకు వాడావు అంటే నోరు పెగలదు. ఇప్పుడు ఏఐ కోడ్ రాసిచ్చేస్తోంది కదా, అందులో ఆ రెండుసార్లు డబ్బు కట్టయ్యే తప్పుందో లేదో పట్టుకునేది మాత్రం ఆ దెబ్బ తిన్నవాడే.

ఇంకోటి, ఏమీ అనుకోకండి. పక్కింటి కుర్రాడు కోర్సులో చేరాడని అంత పొడుగు రాశారు, మీవాడు ఈ మూడేళ్లలో ఏం పని చేశాడో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా ఎప్పుడైనా? అన్నం దగ్గర కూర్చోగానే ‘ఏరా, ఇంకా బెంచేనా’ అంటే వాడేం చెప్తాడండీ.

ఉద్యోగం మాన్పించకండి. సాయంత్రాలు పైథాన్ నేర్చుకోమనండి, కంపెనీలోనే వేరే ప్రాజెక్టు అడగమనండి. ఈ ఆదివారం ఇంటికొస్తే ఆ లోన్ల ప్రాజెక్టులో బాగా ఇబ్బంది పెట్టిన పని ఏదో చెప్పించుకుని వినండి, మధ్యలో అడ్డు తగలకుండా.